యువజన సంఘాలకు కావలసింది శిక్షకులు

కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. బెంగళూరు చుట్టుపక్కల హోసకోట, దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం, నెలమంగల తాలూకాల పల్లెల్లో యువక సంఘాలు, యువతి మండళ్లు అలా పుట్టినవే. పుట్టాక చాలా సంఘాల పని ఒక క్రికెట్ కిట్టు, ఒక వాలీబాల్ వల, వినాయక చవితి పందిరి, నవంబరులో రాజ్యోత్సవం, జనవరి 12న వివేకానంద జయంతి దగ్గరే ఆగిపోతోంది. ఆటలూ పండుగలూ ఊరికి అవసరమే. అయితే యువతకు జీవన నైపుణ్యాలు నేర్పే చోటుగా సంఘం ఎదగాలంటే దానికి వారం వారం వచ్చే శిక్షకుడు ఉండాలి. సంఘాలకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో మొదటి వాటా ఆ శిక్షకుడి జీతానికే పోవాలి.

పల్లె యువతను కూడగట్టే ప్రయత్నం ఈనాటిది కాదు. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంలోనే యువజన సంఘాలకు చోటుంది. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. 1987లో వాటిని ఒక స్వయంప్రతిపత్తి సంస్థ కిందికి తెచ్చారు. 2023 అక్టోబరు 31న కేంద్రం ‘మై భారత్’ వేదికను ప్రారంభించింది. ఫోనులో పేరు నమోదు చేసుకోవడం దీనితో తేలికైంది. కానీ పేరు నమోదైనంత మాత్రాన నలుగురిలో నిలబడి మాట్లాడటం రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పది జీవన నైపుణ్యాలను గుర్తించింది. తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, లోతుగా ఆలోచించడం, కొత్తగా ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, చక్కగా మాట్లాడటం, నలుగురితో కలిసిమెలిసి ఉండటం, ఉద్వేగాలను అదుపులో ఉంచుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. చదివితే పాఠ్యపుస్తకంలా ఉంటుంది. దేవనహళ్లి పల్లెల్లో మాత్రం ఇవి బతుకు ప్రశ్నలు. 2008 మే నెలలో అక్కడ విమానాశ్రయం తెరుచుకున్నాక పొలం ధర ఆకాశానికి ఎక్కింది. ఆ తాలూకాలోనే చన్నరాయపట్టణ హోబళిలో (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) 1,777 ఎకరాల సేకరణకు వ్యతిరేకంగా రైతులు మూడేళ్లకు పైగా పోరాడారు. 2025 జులైలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇలాంటి ఊళ్లో ఇరవై ఏళ్ల కుర్రాడికి తాత చేసిన సేద్యం ఒకవైపు, దళారి చూపే అడ్వాన్సు ఇంకోవైపు, గోదాములో రాత్రి షిఫ్టు మరోవైపు. డబ్బు చేతికొచ్చిన ఇంట్లో అన్నదమ్ముల తగవు, తాగుడు, ఫోనులో దొరికే అప్పు కూడా వెంటే వస్తాయి. ఏది పట్టుకోవాలో, దేన్ని వదలాలో ఆ వయసులో ఒంటరిగా తేల్చుకోమనడం అన్యాయం.

ఇవి ఉపన్యాసంతో వచ్చే నైపుణ్యాలు కావు, చేయించి నేర్పాలి. పదిహేను మంది గుండ్రంగా చాప మీద కూర్చుంటారు. ఒకడు స్నేహితుడి వేషం కట్టి, ‘నీ ఆధార్ ఇవ్వరా, లోన్ నా పేరున రావట్లేదు, నెలలో కట్టేస్తాను’ అంటాడు. రెండోవాడు స్నేహం చెడకుండా కాదనాలి. మొదటిసారి నవ్వేసి తల ఊపుతాడు. రెండోసారి కోపంగా లేచిపోతాడు. మూడోసారికి, ‘ఆధార్ ఇవ్వలేను గానీ, బ్యాంకుకు నీతో వస్తాను పద’ అనే మాట నోటికి వస్తుంది. ఆ మాట దొరికేదాకా ఓపికగా ఆడించగల మనిషే శిక్షకుడు.

చేయించి నేర్పే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఒహాయోలో 1902లో పల్లె పిల్లల కోసం మొదలైన క్లబ్బులు తర్వాత ‘4-హెచ్’ ఉద్యమానికి మూలమయ్యాయి. అక్కడ పిల్లలు పంట వేసి, ఖర్చు రాసి, పదిమంది ముందు ఫలితం చెప్పేవారు. నైపుణ్యం పని చేయడంలోనే వచ్చింది.

నేర్పే విద్యకు బెంగళూరులో కొదవ లేదు. కౌమార వయసు వారికి జీవన నైపుణ్యాలు నేర్పే పద్ధతుల మీద నగరంలోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఏళ్లుగా పనిచేసింది. రాష్ట్ర యువజన సాధికారత, క్రీడల శాఖతో కలిసి ‘యువ స్పందన’ నడుపుతోంది. ‘యువ పరివర్తకులు’ అనే స్థానిక యువకులకు తర్ఫీదు ఇస్తోంది. నగరంలో 1999లో పుట్టిన ‘డ్రీమ్ ఎ డ్రీమ్’ సంస్థ, పిల్లలు ఎంత ఎదిగారో కొలిచే కొలమానాన్నే తయారుచేసింది. కలిసి పనిచేయడం, సమస్యను దాటడం, చొరవ చూపడం, తగవు సర్దుకోవడం, చెప్పింది అర్థం చేసుకుని పాటించడం అనే అయిదింటిని అది చూస్తుంది. సంఘాలకూ ఇలాంటి కొలత పెట్టాలి. ఎన్ని కార్యక్రమాలు జరిగాయి, ఎంతమంది ఫొటోలో ఉన్నారు అనే లెక్క దేనికీ సరిపోదు.

అన్నిటికన్నా వెనకబడింది ఆడపిల్లల సంగతి. పొద్దుగూకాక జరిగే సమావేశానికి వాళ్లు రాలేరు. ఆదివారం పగటిపూట, తల్లి కంటికి కనిపించే చోట పెడితే వస్తారు. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు, అంటే నేటి ‘అరివు కేంద్రాలు’, అందుకు తగిన చోట్లు. వారానికి రెండు గంటలు వాటిని సంఘాలకు కేటాయించడం పంచాయతీకి భారం కాదు. శిక్షకుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి.

భాష కూడా పట్టించుకోవలసిన విషయమే. హోసకోట, దేవనహళ్లి మొదలుకొని చిక్కబళ్లాపురం, కోలారు దాకా ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. పిల్లలు బడిలో కన్నడం చదివి, ఇంట్లో అమ్మతో తెలుగులో పోట్లాడతారు. భయం, సిగ్గు, కోపం గురించిన మాటలు ఇంటి భాషలోనే ముందు పుడతాయి. అందుకే ఆ ఊళ్లకు రెండు భాషలూ వచ్చిన స్థానికులనే శిక్షకులుగా తీసుకోవాలి. ఏడాదికోసారి గౌరవవేతనం చేతిలో పెట్టి సరిపెట్టకుండా, అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చినట్టే నెలనెలా ఇవ్వాలి. వచ్చే బడ్జెట్‌లో యువజన శాఖ ఈ పద్దును విడిగా చూపించాలి.