అన్ని రిజిస్టర్లూ ఒకే బీరువాలో...

– ఒక పూర్వ విద్యార్థి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. "మీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి రాయండన్నయ్యా" అన్నారు. జీతాల గురించీ, ఏసీ గదుల గురించీ అందరూ చెబుతూనే ఉంటారు. అక్కడ పని ఎలా సాగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే మేం రోజూ తెరిచి మూసే ఒక వస్తువు గురించి, దాని మంచిచెడ్డల గురించి నాకు తోచింది రాస్తున్నాను.

మిత్రులారా! మనమంతా నాతవరం నుంచో, గొలుగొండ నుంచో, కోటవురట్ల నుంచో ఒక ట్రంకు పెట్టె పట్టుకుని నర్సీపట్నం బస్టాండులో దిగినవాళ్లమే. హాస్టల్లో ఆఫీసు గది బీరువా మీకు తెలుసు. హాజరు పట్టీ ఒకటి, స్టాకు రిజిస్టరు ఒకటి, వారం మెనూ ఒకటి, ఫిర్యాదుల పుస్తకం ఒకటి. ఇవి వేరువేరు పుస్తకాలే గానీ, అన్నీ చెప్పేది ఒకే భోజనం గురించి. ఈ పూట ఎంతమంది ఉన్నారో హాజరు పట్టీ చెప్పాలి. ఆ లెక్క వంటశాలకు చేరకపోతే బియ్యం కొలత తప్పుతుంది. కొలత తప్పితే స్టాకు లెక్క తప్పుతుంది. ఆఖరికి అది ఫిర్యాదుల పుస్తకంలో తేలుతుంది. మా వార్డెన్ మాస్టారు "రాసుకోనిది మరిచిపోతాం, మరిచిపోయింది గొడవవుతుంది" అనేవారు. ఆ మాట విలువ నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

సాఫ్ట్‌వేర్ తయారీలోనూ నాలుగు పుస్తకాలుంటాయి. చేయవలసిన పనుల జాబితా మొదటిది. ఎవరు ఎప్పుడు కోడ్‌లో ఏ వాక్యం మార్చారో చెప్పే చరిత్ర రెండోది. దొరికిన తప్పుల పట్టిక, అంటే బగ్‌ల పట్టిక, మూడోది. తయారైనదాన్ని పరీక్షించి వాడేవారికి పంపే ఏర్పాటు నాలుగోది. ఒకప్పుడు ఇవన్నీ విడివిడిగా ఉండేవి. తప్పుల కోసం 1998లో వచ్చిన బగ్‌జిల్లా, కోడ్ కోసం సీవీఎస్, పనుల జాబితాకు ఎక్సెల్, మిగతా మాటలన్నీ ఈమెయిల్‌లో. ఒకదానిలో ఉన్నది మరొకదానికి తెలియదు. ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి ముడివేసేదే సమీకృత టూల్.

మైక్రోసాఫ్ట్ వారి టీమ్ ఫౌండేషన్ సర్వర్ అలాంటిదే. 2018లో దాని పేరు అజూర్ డెవాప్స్‌గా మారింది. ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ 2002లో తెచ్చిన జీరా మొదట తప్పుల పట్టికే, తర్వాత పెరిగి పెద్దదైంది. 2008లో మొదలైన గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పుడు ఆ సంస్థ అధిపతి మన హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల గారే.

వీటిలో గిట్‌ల్యాబ్ పుట్టుక మనలాంటివాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఉక్రెయిన్‌లో ద్మిత్రి జపొరోజెత్స్ అనే ప్రోగ్రామరు 2011లో దాన్ని మొదలుపెట్టాడు. ఆయన ఇంట్లో కుళాయి లేదు. రోజూ ఊరి బావి దగ్గరికి వెళ్లి నీళ్లు తెచ్చుకునేవాడు. అయినా నీళ్ల కష్టం కన్నా, తోటివారితో కలిసి కోడ్ రాసుకోవడానికి మంచి టూల్ లేకపోవడమే ఆయనకు పెద్ద కష్టంగా తోచిందట! ఆ టూల్ చుట్టూ ఏర్పడిన కంపెనీ 2021లో అమెరికా నాస్‌డాక్ స్టాక్ మార్కెట్లో నమోదైంది. నీళ్ల బిందె మోసిన చెయ్యి కీబోర్డు పట్టలేదని ఎవరనగలరు?

లాభాలు

మొదటిది, దారం తెగదు. ఒక ఉదాహరణ చూద్దాం. స్కాలర్‌షిప్ దరఖాస్తు తీసుకునే వెబ్‌సైటు ఒకటి ఉందనుకోండి. ఫిబ్రవరి 29న పుట్టిన విద్యార్థి దరఖాస్తును అది తీసుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. దానికి 214 అని నంబరు పడింది. ప్రోగ్రామరు కోడ్ సరిచేసి, ఆ మార్పు కింద 214 అని రాశాడు. మరొకరు చదివి సరేనన్నారు. పరీక్ష నెగ్గింది, వెబ్‌సైటుకు చేరింది. మూడేళ్ల తర్వాత కొత్తగా చేరినవాడు ఆ వాక్యం చూసి "ఇదెందుకు రాశారో" అని తీసేయబోతే, 214 నొక్కగానే కథంతా కనిపిస్తుంది. ఎవరినీ అడగనక్కరలేదు, ఆ పని చేసినవారు ఉద్యోగం మానేసినా సరే.

రెండోది, చేసిన పనికి పేరు దక్కుతుంది. ఇది నా అనుభవం. నేను మొదట చేరిన చోట ఇలాంటి టూల్ లేదు. ఒక తప్పును మూడు రాత్రులు కూర్చుని పట్టుకున్నాను. మర్నాడు సమావేశంలో చక్కటి ఇంగ్లీషు వచ్చిన సీనియరు దాని గురించి వివరించాడు. అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. "అది నేను చేశాను" అనే నాలుగు ముక్కలు నా నోట్లోంచి రాలేదు. తెలుగు మీడియంలో చదివి, పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడడం అలవాటైన మనకు ఆ గదిలో గొంతు పెగలదు తమ్ముళ్లూ! రెండో ఉద్యోగంలో గిట్‌ల్యాబ్ ఉండేది. అక్కడ ప్రతి మార్పు పక్కనా చేసినవారి పేరు, తేదీ, సమయం. "ఇది ఎవరు చేశారు?" అని మేనేజరు అడిగితే నేను నోరు విప్పనక్కరలేకపోయింది. తెర మీద నా పేరే ఉంది. మాట్లాడలేనివాడి పక్షాన రాత మాట్లాడింది.

మూడోది, నేర్చుకునే వీలు. నా కోడ్‌ను సీనియర్లు చదివి, తప్పులు అక్కడే రాతలో చెప్పేవారు. వేగంగా మాట్లాడే ఇంగ్లీషు అర్థం కాకపోవచ్చు గానీ, రాసింది పదిసార్లు చదువుకోవచ్చు, డిక్షనరీ చూసుకుని నెమ్మదిగా జవాబివ్వవచ్చు. పైగా గిట్‌హబ్, గిట్‌ల్యాబ్‌లలో బహిరంగంగా ఉన్న వేల ప్రాజెక్టుల్లో పెద్ద పెద్ద ప్రోగ్రామర్ల చర్చలు ఎవరైనా చదవవచ్చు. నర్సీపట్నంలో కూర్చునీ చదవవచ్చు. ఫీజు లేదు, సిఫార్సు లేదు.

నష్టాలు

ఇంత మంచిది కదా, మరి చెడ్డ ఎక్కడ? నాణేనికి రెండో వైపు కూడా నా అనుభవంతోనే మొదలుపెడతాను.

ఏది రిజిస్టరులో ఉంటుందో అదే పని అనుకోవడం మొదటి ప్రమాదం. ఒక ఏడాది నేను మూడు నెలలు కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పడంలో గడిపాను. సంవత్సరాంతంలో పై అధికారి టూల్ తెరిచి ఎవరు ఎన్ని టికెట్లు మూశారో లెక్క తీశాడు. నా అంకె అందరికన్నా తక్కువ. పక్కవాడి పనిలో చెయ్యి వేసినందుకు అక్కడ గడి లేదు. ఆ ఏడాది జీతం పెంపులోనూ వెనకబడ్డాను. మర్నాటి నుంచి మా బృందంలో ఏం జరిగిందో తెలుసా? ఒక్క పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు టికెట్లుగా మూయడం మొదలైంది. అంకెలు పెరిగాయి, పని పెరగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే చేశాను. నాకు పేరు తెచ్చిన రాతే నన్ను తక్కువ చేసింది. తప్పు రాతది కాదు, దాన్ని తూకం రాయిగా వాడినవారిది. కానీ ఆ తూకం రాయిని చేతికందించేది మాత్రం టూలే.

రెండో ప్రమాదం, అన్నీ ఒకే బీరువాలో ఉండడం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ వారి ఇంజనీరొకరు పొరపాటున అసలు సర్వర్ మీదే డేటాబేసును చెరిపేశాడు. అదనపు కాపీల కోసం పెట్టుకున్న ఏర్పాట్లు చాలావరకు పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. చివరికి ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో నమోదైనవి పోయాయి. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ వారి స్క్రిప్టులో జరిగిన పొరపాటు వల్ల 775 సంస్థలకు జీరా తదితర సేవలు ఆగిపోయాయి. కొందరికి దాదాపు రెండు వారాలు అందలేదు. పుస్తకాలు నాలుగు చోట్ల ఉంటే ఒకటి పోయినా మూడు మిగులుతాయి. ఒకే బీరువా అయితే, తాళం పడిన రోజున పనులేమిటో కూడా ఎవరికీ తెలియదు.

మూడోది మరీ ముఖ్యం, తాళంచెవి మన చేతిలో లేకపోవడం. గూగుల్ 2006లో గూగుల్ కోడ్ అనే ఉచిత సేవ పెట్టి 2016 జనవరిలో మూసేసింది. 2019లో అమెరికా ఆంక్షల పేరున ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని ప్రోగ్రామర్లకు గిట్‌హబ్‌లోని తమ ప్రైవేటు కోడ్ నిల్వలు అందకుండా పోయాయి. ఇరాన్ వారికి 2021లో గానీ సేవలు తిరిగి దక్కలేదు. అట్లాసియన్ 2024 ఫిబ్రవరిలో, సొంత సర్వర్లో పెట్టుకునే తన సర్వర్ రకానికి మద్దతు ఆపేసింది. దాన్ని వాడేవారు వేరే దారి చూసుకోవలసి వచ్చింది. ఉచితమనో సులువనో అలవాటు పడ్డాక, షరతులు మార్చేది ఎదుటివారే.

నాలుగోది, చిన్న పనికి పెద్ద బరువు. నలుగురు డిప్లొమా విద్యార్థులు చేసే ప్రాజెక్టుకు బోర్డులూ, రంగురంగుల లేబుళ్లూ, రోజువారీ నివేదికలూ పెట్టుకుంటే అసలు ప్రోగ్రాము రాసేదెప్పుడు? లినక్స్ కెర్నెల్ మీద వేలమంది పనిచేస్తారు. ఈనాటికీ వారి మార్పులు, చర్చలు ప్రధానంగా ఈమెయిల్ మీదనే సాగుతాయి. పద్ధతి ఉంటే టూల్ చిన్నదైనా చాలు.

మరి ఏం చేయాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సమీకృత టూల్ వాడాలి. అండ లేనివాడికి, పేరు చెప్పుకోలేనివాడికి అది రాతపూర్వక సాక్షి. కానీ బీరువాను నమ్మి ట్రంకు పెట్టె పారేసుకోకూడదు.

ట్రంకు పెట్టె అంటే ఏమిటో చెబుతాను. లినక్స్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే కంపెనీ టూల్ వాడేది. 2005లో ఆ ఉచిత అనుమతి పోయింది. అప్పుడు లినస్ టోర్వాల్డ్స్ కూర్చుని గిట్ అనే సొంత టూల్ రాశాడు. ఇవాళ గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ నిలబడింది ఆ గిట్ మీదే. దాని గొప్పదనం, కోడూ దాని చరిత్రా పూర్తిగా ప్రతివారి కంప్యూటర్లోనూ ఉంటాయి. నెట్ లేకపోయినా హాస్టల్ గదిలో పని చేసుకుని, నెట్ దొరికినప్పుడు పంపవచ్చు. 2017 ప్రమాదంలో గిట్‌ల్యాబ్‌లోని కోడ్ నిల్వలు క్షేమంగానే ఉన్నాయి. పోయినవి ప్రాజెక్టుల నమోదు, వ్యాఖ్యలు, కొత్త ఖాతాల వంటివి. ఎందుకంటే పనుల జాబితా, ఫిర్యాదులు, చర్చలు కోడ్‌తో పాటు మన కంప్యూటర్లోకి రావు. అవి బీరువాలోనే ఉండిపోతాయి. ఈ తేడా తెలిసినవాడు సగం ప్రమాదం తప్పించుకున్నట్టే.

కాబట్టి పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగులోనో ప్రాజెక్టు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా సలహాలు ఇవి. ముందు గిట్ నేర్చుకోండి, గిట్‌హబ్ తర్వాత. ఎవరి మార్పును వారి సొంత పేరుతోనే ఎక్కించండి. నలుగురి పనినీ ఒకడి ఖాతాలో వేస్తే రేపు ఇంటర్వ్యూలో ముగ్గురికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. పనుల జాబితాను వారానికోసారి ఫైలుగా దించి పెన్‌డ్రైవులో దాచండి. సాయం చేసిన పని కూడా జాబితాలో రాయండి. "ఫలానా వారికి నేర్పాను" అన్నదీ పనే. సొంత సర్వర్ పెట్టుకోగల సంస్థలు పెట్టుకోవడం ఇంకా మేలు. మన తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ తన కోడ్‌ను సొంత గిట్‌ల్యాబ్ సర్వర్లో నడుపుకుంటోంది. తాళంచెవి వారి జేబులోనే ఉంది.

ఉద్యోగాల్లో పైకొచ్చి పదిమంది మీద అధికారం చేతికొచ్చిన పూర్వ విద్యార్థులకు ఒక్క మనవి. టూల్ చూపించే అంకెలు చూడండి. కానీ సంవత్సరాంతాన ఎవరికి ఎంత అని రాసేముందు, గదిలో మూల కూర్చుని మాట్లాడని పిల్లవాణ్ని ఒకసారి పిలిచి "ఈ ఏడాది నువ్వు ఎవరికి సాయపడ్డావు?" అని అడగండి. ఆ జవాబు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

హాస్టల్ వదిలి చాలా ఏళ్లైంది. నా ట్రంకు పెట్టె ఇప్పటికీ ఇంట్లో మంచం కింద ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంది.