ఒక్క మాట పొరపాటు.. వందల ప్రాణాలకు చేటు
రన్‌వేపై పొంచి ఉన్న ముప్పు. పైలట్లకు, కంట్రోలర్లకు మధ్య స్పష్టతే రక్ష

విమాన ప్రమాదమనగానే ఆకాశం నుంచి కూలిపోతున్న విమానమే మనసులో మెదులుతుంది. కానీ ప్రపంచ పౌర విమానయాన చరిత్రలోకెల్లా ఘోరమైన ప్రమాదం నేల మీదే సంభవించింది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫెలో రెండు జంబో జెట్లు ఒకే రన్‌వేపై ఢీకొని 583 మంది ప్రాణాలు కోల్పోయారు. విమానాల్లో యాంత్రిక లోపం లేదు. పైలట్లకు అనుభవం కొరవడలేదు. పొగమంచు కమ్మిన ఆ సాయంత్రం పైలట్ చెప్పింది ఒకటి, కంట్రోలర్ గ్రహించింది మరొకటి.

రన్‌వేపైకి రాకూడని సమయంలో విమానమో, వాహనమో, మనిషో ప్రవేశించడాన్ని విమానయాన పరిభాషలో 'రన్‌వే ఇన్‌కర్షన్' అంటారు. కంట్రోలర్ తప్పుడు అనుమతి ఇవ్వడం, పైలట్ ఆదేశాన్ని అతిక్రమించడం, వాహనాలు లేదా మనుషులు అనుమతి లేకుండా చొరబడటం.. ఈ మూడింటిలో ఏదైనా కారణం కావచ్చు. త్రుటిలో తప్పినవి వార్తలకెక్కి మరుగున పడిపోతుంటాయి. తప్పనివి చరిత్రలో మిగిలిపోతాయి.

సరేనన్న మాటే శాపమైంది

టెనెరిఫె ప్రమాదానికి బీజం పడింది పొరుగు దీవిలో. అక్కడి విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలన్నింటినీ టెనెరిఫెలోని చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. టాక్సీవే విమానాలతో నిండిపోయింది. బయలుదేరే విమానాలు రన్‌వే మీదుగానే వెనక్కి నడిచి చివరకు చేరుకోవాల్సి వచ్చింది. ముందు వెళ్లిన కేఎల్ఎం విమానం రన్‌వే చివర వెనుదిరిగి నిలిచింది. వెనకాలే వచ్చిన పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వేపైనే ఉంది.

గాల్లోకి లేచాక అనుసరించాల్సిన మార్గాన్ని మాత్రమే కంట్రోలర్ కేఎల్ఎంకు తెలియజేశారు. అయితే ఆ సందేశంలోనూ 'టేకాఫ్' అన్న పదం దొర్లింది. దాన్ని తిరిగి చదివి వినిపించిన కో పైలట్ చివర్లో 'వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్' అన్నారు. విమానం ఇంకా నిలిచే ఉందనుకున్న కంట్రోలర్ 'ఓకే' అన్నారు. ఆ వెంటనే 'ఆగండి, నేను పిలుస్తాను' అని చెబుతుండగానే, తాము రన్‌వేపైనే ఉన్నామని పాన్ యామ్ పైలట్లు కేక వేశారు. రెండు సందేశాలు ఒకేసారి వెలువడటంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఈలలాంటి మోత మాత్రమే గట్టిగా వినిపించింది. పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదేమోనని ఫ్లైట్ ఇంజినీర్ సందేహం వెలిబుచ్చినా కెప్టెన్ తోసిపుచ్చారు.

ఈ దుర్ఘటన తర్వాతే రేడియో సంభాషణకు కట్టుదిట్టమైన నియమాలు వచ్చాయి. అసలు అనుమతి ఇచ్చేటప్పుడు లేదా రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే పదాన్ని పలకరాదన్నది వాటిలో కీలకం. మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అనాలి. కెప్టెన్‌ను కింది సిబ్బంది నిస్సంకోచంగా ప్రశ్నించేలా శిక్షణ ఇవ్వడమూ ఆ తర్వాతే ఊపందుకుంది.

తిరిగి చెప్పినా తప్పని ముప్పు

కంట్రోలర్ ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పాలి. అది సరిగ్గా ఉందో లేదో కంట్రోలర్ విని సరిచూడాలి. ఈ భద్రతా సూత్రానికీ పరిమితులున్నాయని తర్వాతి ప్రమాదాలు నిరూపించాయి.

2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయాన్ని దట్టమైన మంచు కప్పేసింది. ఆర్5 టాక్సీవే మీదుగా వెళ్లాలన్న ఆదేశాన్ని చిన్న సెస్నా విమానం పైలట్లు సరిగ్గానే తిరిగి చెప్పారు. కానీ ఆర్6 దారి పట్టారు. ఆ దారిలో 'ఎస్4' అన్న గుర్తు కనిపించిందని తెలియజేసినా, అలాంటి గుర్తు ఒకటుందన్న సంగతే కంట్రోలర్‌కు తెలియదు. నేలపై విమానాల కదలికలు చూపే రాడార్ వినియోగంలో లేదు. రన్‌వేపైకి వచ్చేసిన సెస్నాను టేకాఫ్ తీసుకుంటున్న ఎస్ఏఎస్ విమానం ఢీకొంది. 118 మంది మరణించారు.

జపాన్ రాజధాని టోక్యోలోని హనెడా ఉదంతం ఇటీవలిది. నోటో భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకెళ్లాల్సిన తీర రక్షక దళ విమానం 2024 జనవరి 2న రన్‌వే వెలుపల ఆగాల్సి ఉంది. కంట్రోలర్ దానికి 'నంబర్ వన్' అని వరుస క్రమం చెప్పి, నిరీక్షణ స్థానానికి వెళ్లమన్నారు. పైలట్ ఆ మాటను తిరిగి చెప్పారు కూడా. అయినా రన్‌వేపైకి వెళ్లేందుకు అనుమతి దొరికిందని భావించి విమానాన్ని రన్‌వేపై నిలిపారు. సుమారు 40 సెకన్ల తర్వాత జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దానిపైకి దిగింది. తీర రక్షక దళ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. రెండో విమానంలోని 379 మంది మంటల మధ్య నుంచి ప్రాణాలతో బయటపడటం సిబ్బంది క్రమశిక్షణకు నిదర్శనం. రన్‌వే ఆక్రమణ గురించి కంట్రోల్ టవర్ తెరపై హెచ్చరిక కనిపించినా ఎవరూ గమనించలేదు.

వినిపించిన మాటకు, అర్థమైన విషయానికి మధ్య అగాధం ఉంటుందన్నది ఈ ఘటనల సారాంశం. తిరిగి చెప్పడం వల్ల చెవికి చేరిందో లేదో తెలుస్తుంది. బుద్ధికి చేరిందో లేదో తెలియదు.

భాష అడ్డుగోడైతే..

గగనతలంలోనూ ఈ ముప్పు మనకు కొత్త కాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజకిస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది దుర్మరణం పాలయ్యారు. కేటాయించిన ఎత్తు కన్నా కజక్ విమానం కిందికి దిగిపోయింది. అందులో కంట్రోలర్‌తో మాట్లాడింది రేడియో ఆపరేటర్ కాగా, విమానం నడిపింది వేరొకరు. ఆంగ్లం అంతంత మాత్రంగా తెలిసిన సిబ్బందికి ఆదేశాలు పూర్తిగా అందలేదు. పైలట్లకు, కంట్రోలర్లకు ఆంగ్ల భాషలో కనీస ప్రావీణ్యం తప్పనిసరి చేస్తూ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తెచ్చిన నిబంధన 2008 మార్చి నుంచి వర్తిస్తోంది.

మన ముంగిట హెచ్చరిక

2024 జూన్ 8న ముంబయిలో ఎయిరిండియా విమానం టేకాఫ్ తీసుకుంటుండగానే అదే రన్‌వేపై ఇండిగో విమానం దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సంబంధిత కంట్రోలర్‌ను డీజీసీఏ విధుల నుంచి తప్పించింది. జవాబుదారీతనం అవసరమే. కానీ ఒక ఉద్యోగిని పక్కన పెట్టినంత మాత్రాన ఆ పొరపాటుకు దారితీసిన పరిస్థితులు మారవు. కంట్రోలర్ల కొరతను, వారిపై పడుతున్న అలసటను పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025లో ఎత్తిచూపడం గమనార్హం.

తెలుగు రాష్ట్రాలకూ ఈ పాఠాలు వర్తిస్తాయి. విశాఖలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వేపైనే దశాబ్దాల పాటు పౌర విమానాలు రాకపోకలు సాగించాయి. సైనిక, పౌర విమానాలు ఒకే రన్‌వేను పంచుకునే చోట అవి వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడితే ఒకరి మాట మరొకరికి వినిపించదు. ఉడాన్ పథకంతో కడప వంటి చోట్లకు విమాన సర్వీసులు విస్తరించాయి. 2021లో కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైంది. సమాంతర టాక్సీవే లేని ఏ చిన్న విమానాశ్రయంలోనైనా విమానం రన్‌వే మీదుగానే వెనక్కి నడవాలి. టెనెరిఫెలో నాడు తలెత్తిన పరిస్థితి అదే. రద్దీ తక్కువగా ఉన్నప్పుడు ఇది ఇబ్బందిగా తోచదు. సర్వీసులు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది.

చేయాల్సిందేమిటి?

పరిష్కారాలు తెలియనివి కావు. రన్‌వే అంచున ఎర్రదీపాల వరుస వెలిగి ఉన్నంతసేపూ దాటరాదన్న నియమం, నేలపై కదలికలను చూపే రాడార్, తెరపై మెరుపుతో సరిపెట్టకుండా చెవికి వినిపించే హెచ్చరిక, టాక్సీవేలపై చెరగని గుర్తులు, గందరగోళం లేని పటాలు కావాలి. వీటన్నింటికీ మించి, సందేహం వచ్చిన ప్రతిసారీ ఆగి అడిగే అలవాటు పెరగాలి. త్రుటిలో తప్పిన ఘటనను స్వచ్ఛందంగా చెప్పిన ఉద్యోగికి శిక్ష పడుతుందంటే ఎవరూ నోరు విప్పరు. నిర్లక్ష్యాన్ని, నిజాయితీగా జరిగిన పొరపాటును వేర్వేరుగా చూసే విధానం బలపడాలి.

టెర్మినళ్ల అద్దాల గోడలను చూసి విమానాశ్రయ ప్రగతిని కొలవడం మనకు పరిపాటైంది. కంట్రోల్ టవర్లో తగినంత మంది ఉన్నారా, వారికి చాలినంత విశ్రాంతి దొరుకుతోందా అన్న ప్రశ్నలు శంకుస్థాపన నాడే వినిపించాలి. ప్రయాణికుడికి కనిపించని ఆ గదిలో పలికే ప్రతి మాటా వందల ప్రాణాలతో ముడిపడి ఉంది.