ఏడాదైనా అలిఫ్ బే లోనేనా?



పోయిన నెల ఒక వలీమాలో, దస్తర్‌ఖాన్ ఎత్తబోతుండగా, మా ఖాందాన్ పెద్దాయన ఒకరు నా కొడుకుని పిలిచారు. "సాక్సఫోన్ నేర్చుకుంటున్నావంట కదా బేటా! వచ్చే నెల మా మనవరాలి మంగ్నీలో ఒక పాట వాయించాలి మరి." వాడికి పదహారేళ్ళు. "ఇంకా పాటల దాకా రాలేదు నానా, స్కేల్సే వాయిస్తున్నా" అన్నాడు నిజాయితీగా. "ఏడాదైంది కదరా! ఇంకా అలిఫ్ బే లోనేనా?" అని ఆయన అనగానే చుట్టూ ఖహ్‌ఖహాలు. వాడి మొహం చిన్నబోయింది. బుజుర్గ్ కదా అని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ముందే ఒక మాట. సంగీతం జాయెజా నాజాయెజా అనే బహస్ ఇక్కడ పెట్టను. వద్దనేవాళ్ళది ఒక ఉసూల్, వాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ బారాత్‌కి బ్యాండు మాట్లాడి, నోట్లు తలచుట్టూ తిప్పి విసిరి, ఆ నోట్లు ఏరుకున్నవాడి ఇంటికి మాత్రం రిష్తా పంపనివాళ్ళతో. పాట కావాలి, పాట వెనక ఉన్న మెహనత్ మాత్రం చెవిన పడకూడదు అనేవాళ్ళతో.

మా మామూ కర్నూలులో పెళ్ళి బ్యాండులో ఇరవై ఏళ్ళు ఆల్టో సాక్సఫోన్ వాయించాడు. చెవి ఎంత తేజ్ అంటే, రేడియోలో రెండుసార్లు విన్న పాటని మూడోసారి తానే వాయించేవాడు. మొహల్లా అంతా 'ఖుదాదాద్ హునర్' అనేది. ఆ వాహ్ వాహ్‌లే ఆయన్ని ముంచాయి. ఆయన వేళ్ళకి తెలిసిన స్కేళ్ళు రెండే రెండు. బ్యాండులో అవి చాలు, ఏ పాటనైనా మాస్టర్ ఆ రెంటిలోకే దింపేవాడు. ఒకరోజు ఒక ఆర్కెస్ట్రావాళ్ళు ట్రయల్‌కి పిలిచారు. నెల జీతం, కుర్చీలో కూర్చుని వాయించే కొలువు. మామూ జీ స్కేల్లో అందుకున్నాడు. పాడే అమ్మాయి గొంతుకి అది అందక, అర మెట్టు పెంచమంది. అర మెట్టే! కానీ జీ మీద అర మెట్టు ఎక్కితే ఏ-ఫ్లాట్. ఒక్క షార్ప్ ఉన్న స్కేలు పోయి నాలుగు ఫ్లాట్లు వచ్చిపడతాయి. సొంత ఇంటి గుమ్మంలా తెలిసిన పాట, రెండో లైనులో వేళ్ళు ఆగిపోయాయి. వాళ్ళు మర్యాదగానే చాయ్ తాగించి బస్సు కిరాయి చేతిలో పెట్టారు. చివరి రోజుల్లో ఆయన నాతో అన్నది ఒక్కటే. "నాకు నేర్పినోడు పాటలు నేర్పాడు రా, బాజా నేర్పలేదు."

స్కేల్స్ అంటే పిల్లల ఆట అనుకునేవాళ్ళకి ఒక నమూనా చెప్తాను. సాక్సఫోన్‌లో నడిమి సి-షార్ప్ పలకాలంటే ఒక్క వేలు కూడా నొక్కనక్కర్లేదు, అన్ని రంధ్రాలూ తెరిచే ఉంటాయి. దాని పక్క స్వరం డి కావాలంటే రెండు చేతుల ఆరు వేళ్ళూ, ఎడమ బొటనవేలి కింద ఉండే ఆక్టేవ్ మీటా ఒకేసారి పడాలి. ఒక్క వేలు వెంట్రుకవాసి ఆలస్యమైనా మధ్యలో పిల్లి అరుపు. అడుగున బి నుంచి బి-ఫ్లాట్‌కి దిగేటప్పుడు ఎడమ చిటికెన వేలు చిన్న రోలర్ మీద జారాలి, ఆ జారుడులో గాలి తెగకూడదు. ఇవన్నీ పాటలో ఎదురైనప్పుడు చూసుకుందాం అంటే, నీళ్ళలో పడ్డాక ఈత చూసుకుందాం అన్నట్టే.

అందుకే వాడి ఉస్తాద్ మొదటి మూడు నెలలూ స్వరం కూడా మార్చనివ్వలేదు. ఒకే స్వరం పట్టి, కింది పెదవి పళ్ళమీదికి మడిచి, దమ్ ఉన్నంతసేపు గీత గీసినట్టు నిలపడం. మొదలూ చివరా ఒకే బరువు ఉండాలి. ఆ తర్వాత స్కేళ్ళు, మెట్రోనోమ్ 60 మీద పెట్టి. వరసగా మూడుసార్లు సాఫ్‌గా వస్తేనే 64. మూడోసారి తప్పితే మళ్ళీ మొదటికి. వేగంగా తప్పు వాయిస్తే ఆ తప్పే హిఫ్జ్ అవుతుంది, వేలికి ఒప్పూ తప్పూ తెలియదు, ఎక్కువసార్లు చేసిందే గుర్తుపెట్టుకుంటుంది.

గుస్తాఖీ అనుకోకపోతే ఒక మాట, ఇది పద్ధతి గురించే. మన పిల్లలు ఖాయిదాలో ఒక్కో హర్ఫ్‌కి మఖ్రజ్ దిద్దుకుంటూ నెలలు గడిపితే ఎవరైనా నవ్వుతామా? పాత సబఖ్ రోజూ అప్పజెప్పించుకోని హాఫిజ్ సాబ్‌ని ఒప్పుకుంటామా? తక్రార్ విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు! ఇంట్లో సాక్సఫోన్ మోగితే మాత్రం అదే తక్రార్ 'కల్‌కల్' అయిపోతుంది.

గొప్పవాళ్ళు పుట్టుకతోనే వచ్చేస్తారంటారా? చార్లీ పార్కర్ 1954లో ఒక రేడియో ఇంటర్వ్యూలో తానే చెప్పుకున్నాడు, మూడు నాలుగేళ్ళపాటు రోజుకి 11 నుంచి 15 గంటలు రియాజ్ చేశానని. సోనీ రోలిన్స్ 1959 నాటికే న్యూయార్క్‌లో మషూర్. అయినా తన వాయిద్యం తనకే నచ్చక కచేరీలు ఆపేశాడు. పక్కింట్లో గర్భిణి ఉందని ఇంట్లో వాయించలేక, విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి పోయి రైళ్ళ రొదలో గంటల తరబడి సాధన చేశాడు. 1962లో వచ్చిన ఆయన ఆల్బమ్ పేరే 'ది బ్రిడ్జ్'. ఇస్లాం స్వీకరించిన యూసుఫ్ లతీఫ్ సంగతి మనవాళ్ళు ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు. టెనార్ సాక్సఫోన్‌లో పేరున్న ఆ మనిషి యాభై దాటాక, 1975లో విద్యాశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1981లో ఒక పుస్తకం వేశాడు. దాన్నిండా ఏముంది? స్కేళ్ళూ, స్వరాల అల్లికలూ! అరవయ్యేళ్ళ ఉస్తాద్‌ని 'ఇంకా అలిఫ్ బే లోనేనా' అని అడుగుతారా?

అంత దూరం ఎందుకు. ఒంగోలు పక్కన కరవదిలో, నాదస్వరం తరతరాలుగా ఉన్న ఇంట్లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ ఇంటి విద్యతో సరిపెట్టుకోలేదు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాడు. అదీ చాలక తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరుల ముందు షాగిర్ద్‌గా కూర్చున్నాడు. మామూకి దొరకనిది హునర్ కాదు, అలా కూర్చోబెట్టి మొదటినుంచి దిద్దే చేయి.

ఇప్పుడు ఫీజు కట్టే అమ్మీ అబ్బాలు కూడా ఆ చేతిని అడ్డుకుంటున్నారు. రెండో నెలకే 'ఒక పాట నేర్పండి మాస్టర్, చుట్టాలకి వీడియో పంపాలి' అంటారు. మాస్టర్‌కీ పొట్ట ఉంది, నేర్పుతాడు. పిల్లవాడు ఒక పాటని ఒకే స్కేల్లో, కంఠస్థం చేసిన చిలకలా వాయిస్తాడు. ముప్పై సెకన్ల వీడియో, నలభై 'మాషా అల్లాహ్'లు. ఆరు నెలలకి బాజా అల్మారా ఎక్కుతుంది. కసూర్ ఎవరిది? కబూల్ చేస్తున్నాను, నేనూ పోయిన ఈద్‌కి వాడి ఉస్తాద్‌ని అదే అడిగాను. ఆయన జవాబివ్వకుండా మెట్రోనోమ్ ఆన్ చేశారు.

ఇక గోల సంగతి. అర్ధరాత్రి దాకా డీజే భరించే మొహల్లాకి సాయంత్రం ముప్పావు గంట స్కేళ్ళు తలనొప్పి అట! బాజా నోట్లో బట్ట కుక్కమని ఒక భాభీ సలహా. సాక్సఫోన్‌లో శబ్దం ఆ నోటినుంచి ఒక్కదాన్నుంచే రాదు, ఒంటిమీద తెరిచివున్న రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది, బట్ట కుక్కితే అడుగు స్వరాలు చెడతాయంతే. వాడు బట్టలు కిక్కిరిసిన అల్మారా తలుపులు తీసి, దాంట్లోకి మొహం పెట్టి వాయిస్తాడు. అసర్ తర్వాత మొదలు, మగ్రిబ్ అజాన్‌కి బంద్.

ఈ వారం ఏ-ఫ్లాట్ అందుకున్నాడు. మామూ ఆల్టోనే, ప్యాడ్లు మార్పించాం. డి-ఫ్లాట్ నుంచి ఈ-ఫ్లాట్‌కి దాటేచోట ఇంకా పిల్లి అరుస్తోంది. మెట్రోనోమ్ 60 మీదే ఉంది. నానా, మీ మంగ్నీకి పాట లేదు. మాఫ్ చేయండి.