కంప్యూటర్ కబుర్లు: పడిపోయినవాడే దోషి కాదు



ఉగాది సంచిక అందాక నాకు వచ్చిన ఉత్తరాల్లో, ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: "మన కుటుంబాల జాబితా మాటిమాటికీ ఎందుకు తెరుచుకోవడం లేదండీ?" బరంపురం నుంచి ఒక పెద్దాయన అయితే "మళ్లీ కాగితం రిజిస్టరుకే వెళ్దాం నాయనా" అన్నారు. వారి కోపం న్యాయమైనదే. అందులో చిరునామాలే కాక పెళ్లి సంబంధాల వివరాలు, రక్తదాతల పేర్లు కూడా ఉన్నాయి. ఆమధ్య ఆపరేషన్‌కు ఓ నెగటివ్ రక్తం కావలసిన కుటుంబానికి సరిగ్గా అవసరమైన సాయంత్రమే ఆ పేజీ తెరుచుకోలేదు. కార్యదర్శి గారి బీరువాలో పాత అచ్చు ప్రతి ఉండబట్టి గండం గడిచింది. అందుకే ఈసారి ఆ సంగతే చెబుతాను.

మన వివరాలు అద్దెకు తీసుకున్న ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. అందులో ముఖ్యంగా రెండు ప్రోగ్రాములు. అపాచీ అనేది గుమ్మం దగ్గర వచ్చినవారి పని చూసే గుమాస్తాల బృందం. మరియాడీబీ అనే డేటాబేస్ లోపల దస్త్రాలు చూసే రికార్డు కీపరు. పడిపోతున్నది ఈ రికార్డు కీపరే. పడిపోయినప్పుడల్లా మన కుర్రాళ్లు మళ్లీ లేపేవారు. రెండు రోజులు బాగుండేది, ఆపైన షరా మామూలే.

వైరస్ అన్నారొకరు. డేటాబేసే పాడైంది, తీసేసి కొత్తగా పెడదామన్నారు మరొకరు. అద్దెకిచ్చిన కంపెనీవారు ఇంకా పెద్ద యంత్రం తీసుకోమన్నారు. రోగం తెలియకుండానే అందరూ మందు చెప్పారన్నమాట.

ఒక ఆదివారం కుర్రాళ్లిద్దరితో కూర్చుని వరసగా చూశాం. మొట్టమొదట మొత్తం వివరాలకు నకలు తీశాం. ఆ నకలును మరో కంప్యూటర్‌లోకి ఎక్కించి పేర్లు సరిగ్గా వస్తున్నాయని చూసుకున్నాకే మిగతా పని. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్టే.

డిస్కు నిండిందేమో చూశాం. సగం పైగా ఖాళీ. తరువాత డేటాబేస్ లాగ్ తీశాం. లాగ్ అంటే అది రాసుకునే దినచర్య. మామూలుగా ఆపితే ఆగిపోతున్నానని రాసి మరీ ఆగుతుంది. తనలోని లోపం వల్ల కూలితే సాధారణంగా అదీ రాస్తుంది. మాకు మాత్రం లేచిన కబుర్లే తప్ప ఆగిన కబురు ఒక్కటీ కనబడలేదు. అంటే చెప్పే వ్యవధి కూడా లేకుండా ఎవరో దాన్ని చంపుతున్నారు.

ఎవరన్నది యంత్రాన్ని నడిపే లినక్స్ లాగ్‌లో దొరికింది. "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న మాట, పక్కనే చంపిన ప్రోగ్రాము పేరు. మెమరీ పూర్తిగా అయిపోతే యంత్రమంతా స్తంభించకుండా లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపేస్తుంది. సాధారణంగా విడిగా చూస్తే పెద్దగా కనబడేదాన్ని ఎంచుకుంటుంది. మా దగ్గర అది డేటాబేస్. కానీ మెమరీ మింగినవారు వేరు.

లెక్క చూడండి. మన యంత్రం మెమరీ 1 జీబీ, అంటే 1024 ఎంబీ. లినక్స్‌కు సుమారు 200, డేటాబేస్‌కు 350 పోతే మిగిలేది 474. అపాచీ వచ్చిన ఒక్కొక్కరికీ ఒక గుమాస్తాను పెడుతుంది. ఒక్కో గుమాస్తాకు 40 ఎంబీ దాకా కావాలి. అంటే 11 మందికి మించి చోటు లేదు. యంత్రంతో పాటు వచ్చిన అమరికలో హద్దు మాత్రం 150! మామూలు రోజుల్లో ముగ్గురో నలుగురో వస్తారు కనుక ఇబ్బంది లేదు. సంచిక వెలువడిందని అందరికీ కబురు వెళ్లిన సాయంత్రాలు, పెళ్లి సంబంధాల పేజీ మార్చిన ఆదివారాలు ఒక్కసారిగా జనం. డేటాబేస్ పడిపోయిన వేళలన్నీ అవే.

ఆ హద్దును 10కి తగ్గించాం. పదకొండోవారు కొన్ని క్షణాలు వరసలో ఆగుతారు, అంతే. ఆపద్ధర్మంగా డిస్కులో 1 జీబీ స్వాప్ చోటు కేటాయించాం. మెమరీలో 70, 80 శాతం డేటాబేస్‌కే ఇవ్వాలని చాలాచోట్ల చెబుతారు. అది డేటాబేస్ ఒక్కటే ఉన్న యంత్రానికి వర్తించే మాట. ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాలేదు. ఆరు వారాలైంది, వేసవి శిబిరం ఫొటోలకు జనం ఎగబడినా పడిపోలేదు.

ఇన్నిసార్లు పడిపోయినా వివరాలు పోలేదా అని అడిగారు కొందరు. పోలేదు. షాపు లెక్కలు రాసినవారికి చిట్టా, ఆవర్జా తెలుసు కదా. డేటాబేస్ కూడా ప్రతి మార్పునూ ముందు రీడూ లాగ్ అనే చిట్టాలో ఎక్కించి, తరువాత ఆవర్జాలో సర్దుతుంది. పడి లేచాక చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకుంటుంది. కనుక చోటు కోసమని ఆ చిట్టా ఫైళ్లను ఎవరూ చెరపకండి. ఫోర్స్ రికవరీ అనే అమరికలో 1 నుంచి 6 దాకా మెట్లున్నాయి. 4, ఆపైన మెట్లు వాడితే వివరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. నకలు లేకుండా దాని జోలికి పోవద్దు.

మీ ఊరి సంఘానికో, మీ దుకాణానికో ఇలాంటి యంత్రం ఉంటే ఈ వరస గుర్తుంచుకోండి: ముందు నకలు, తరువాత డిస్కు, ఆపైన రెండు లాగ్‌లు, పడిపోయిన వేళలు, చివరికి మెమరీ లెక్క. ఊరికే లేపుతూ పోతే కారణం మరుగున పడుతుంది. రక్తదాతల జాబితాను మాత్రం ఏటా అచ్చు వేసి ప్రతి ఊరి ప్రతినిధికీ పంపాలని కార్యవర్గం ఒప్పుకుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ యంత్రాన్నీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

మీ సందేహాలు రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.