పిల్లల చేతుల్లో జెండా

ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడుతున్నాయంటే మన మహల్లాలలో ఒక విచిత్రమైన జాగ్రత్త మొదలవుతుంది. జెండా కాస్త పెద్దదిగా ఉండాలి, ఫొటోలు తప్పక తీయించాలి, అవి పత్రికలో రావాలి. పండుగ చేసుకోవడం ఒక ఎత్తు, చేసుకున్నామని నిరూపించుకోవడం మరొక ఎత్తు. 2017లో ఉత్తరప్రదేశ్ మదరసా బోర్డు స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలను వీడియో తీయించాలని అక్కడి మదరసాలకు ఆదేశమిచ్చిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు.

ఆ ఆదేశం మనసులో ఉండగానే, 2019 మే 17న నార్వే దేశపు జాతీయ దినోత్సవం చూశాము. మ్యోసా సరస్సు ఒడ్డున ఒక చిన్న పట్టణంలో మా అమ్మాయి కుటుంబం ఉంటుంది. 1814లో అదే తేదీన ఐడ్స్వోల్ అనే చోట ఆ దేశ రాజ్యాంగంపై సంతకాలు జరిగాయి. అంటే అది వారి జనవరి 26 అన్నమాట.

ఆ రోజు శుక్రవారం, పైగా రంజాన్ మాసం. అక్కడ ఆ రోజులలో సూర్యుడు రాత్రి పది గంటల ప్రాంతంలో గాని అస్తమించడు. ఉదయమే జెండా ఎగరవేశారు, యుద్ధంలో మరణించినవారి స్మారకం వద్ద పూలచక్రం ఉంచారు. తరువాత ఊరేగింపు. ఆయుధాలు లేవు, శకటాలు లేవు. బడి వెనుక బడి, ప్రతి బడికీ ముందు దాని బేనరు, నడుమ నడుమ పిల్లల బ్యాండు మేళం. పెద్దలు బూనాడ్ అనే తమ ప్రాంతపు ఉన్ని దుస్తులు ధరించి, దారి పక్కన నిలిచి హుర్రా అని కేకలు వేస్తున్నారు. ఒక బడి వరుసలో హిజాబ్ ధరించిన సోమాలీ బాలికలు ఇద్దరు జెండాలు ఊపుతూ నడిచారు. వారివైపు ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు, మెచ్చుకోలేదు కూడా. ఆ మెచ్చుకోకపోవడమే మమ్మల్ని ఆకట్టుకుంది. పిల్లలకు ఆ రోజు ఐస్‌క్రీమ్‌కు అదుపు లేదు. పొరుగింటి వృద్ధురాలు మాకూ ఒకటి తెచ్చి, ఉపవాసమని తెలిసి, దానినీ మా మనుమడికే ఇచ్చేసింది.

నార్వేను స్వర్గమని చెప్పడం మా ఉద్దేశం కాదు. అదే 1814 రాజ్యాంగపు రెండవ అధికరణం యూదులు ఆ దేశంలో అడుగుపెట్టరాదని శాసించింది. హెన్రిక్ వెర్గెలాండ్ అనే కవి దానిపై ఏళ్ల తరబడి పోరాడి, 1845లో కన్నుమూశాడు. నిషేధం తొలగినది 1851లో. నేటికీ మే 17న ఓస్లో యూదులు ఆయన సమాధిపై పూలచక్రం ఉంచుతారు. పిల్లల ఊరేగింపు 1870లో మొదలైనప్పుడు అందులో బాలురే ఉండేవారు, బాలికలు 1889లో గాని చేరలేదు. 1999లో ఓస్లో ఉత్సవ కమిటీకి పాకిస్తాన్‌లో జన్మించిన రుబీనా రానా నాయకత్వం వహించినప్పుడు ఆమెకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అయినా ఆమె ఊరేగింపు ముందు నడిచారు. మేము ఆ పండుగ చూసిన మూడు నెలలలోపే, ఆగస్టులో, ఓస్లో సమీపాన ఒక మసీదులో తుపాకీతో చొరబడిన యువకుణ్ణి నమాజుకు వచ్చిన వృద్ధులే పట్టి బంధించారు. ఆ ఊరేగింపులో చోటు ఎవరికీ ఊరికే దక్కలేదు.

మన రాజ్యాంగంలో ఏనాడూ అటువంటి రెండవ అధికరణం లేదు. 14, 25, 29, 30 అధికరణాలు 1950 జనవరి 26 నుండే మనవి. జైహింద్ నినాదాన్ని రూపొందించినవారిగా పేరొందిన ఆబిద్ హసన్ సఫ్రానీ హైదరాబాదీయుడు. ఇంతటి వారసత్వం గలవారు సొంత ఇంట్లో అతిథులవలె సంజాయిషీ చెప్పుకోవడం ఎందుకు?

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఎన్నో జెండా వందనాలకు ఏర్పాట్లు చూసినవారము గనుక ఒక మాట చెప్పగలము. పది రోజుల ముందు జరిగే సన్నాహక సమావేశంలోనే అంతా నిర్ణయమైపోతుంది. ఏ బడి ఎక్కడ నిలవాలి, ఏ పిల్లలు ఏమి ప్రదర్శించాలి అన్నది అక్కడే తేలుతుంది. ఉర్దూ పాఠశాల పేరు చాలా చోట్ల జాతీయ సమైక్యత అంశం దగ్గర మాత్రమే గుర్తుకు వస్తుంది, అదీ సమయం మిగిలితే. ఆ సమావేశానికి మన మసీదు కమిటీల నుండి, ఉర్దూ పాఠశాలల తల్లిదండ్రుల నుండి ఎవరు వెళ్తున్నారు? పిలుపు రాకపోతే లిఖితపూర్వకంగా అడగాలి, రసీదు తీసుకోవాలి.

అడగవలసినవి రెండే. మన పిల్లలు తమ బడి బేనరుతో జిల్లా పరిషత్ బడి పిల్లల పక్కనే నడవాలి. రాజ్యాంగ పీఠికను ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో చదవాలి. ఫొటోలు కావలసినవారు తీసుకుంటారు.