కూడూ కులమూ – 9 : పచ్చ చుక్క ఎవరి ప్రశ్నకు జవాబు?



మీ చేతిలో ఉన్న చిప్స్ ప్యాకెట్ ఒకసారి తిప్పి చూడండి. చదరపు గడిలో ఒక పచ్చ చుక్క కనబడుతుంది. 2001 నుంచి మన దేశంలో ప్యాకెట్ తిండి మీద ఆ గుర్తు ఉండాల్సిందే. అది చెప్పేది ఒక్కటే: ఇందులో మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు. నూనె ఎంత, ఉప్పెంత, చక్కెర ఎంత అనేది వెనకవైపు, ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది. తర్లుపాడు నుంచి మిరపకోతకు పోయే మా అమ్మలెవరూ దాన్ని చదవలేరు.

అంటే "ఇది మడికి పనికొస్తుందా?" అనే ప్రశ్నకు జవాబు రంగులో, అందరికీ కనబడేలా అచ్చయింది. "ఇది బిడ్డ ఒంటికి మంచిదా?" అనే ప్రశ్నకు జవాబు మాత్రం వెనక దాక్కుంది. ఎవరి ప్రశ్న ముందుకొచ్చింది, ఎవరి ప్రశ్న వెనక్కి పోయింది అనేది ఈ దేశంలో ఊరికే జరగదు. శాకాహారం వేరు, ఆరోగ్యం వేరు. పామాయిల్లో వేగిన మొక్కజొన్న పిండికి పచ్చ చుక్క పడుతుంది. కోడిగుడ్డు వేసిన దేనికైనా గోధుమరంగు గుర్తు పడుతుంది.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఏదో ఒక బడి గేటు దగ్గర నిలబడండి. ఐదు రూపాయల ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఫ్యాక్టరీ తిండి తగ్గించమనే చెప్పాయి. ఆ 50 మీటర్లు టేపు పట్టి కొలిచిన అధికారి మా పడమటి ప్రకాశంలో నాకింతవరకు కనబడలేదు.

పైగా తిట్లు మాత్రం మన తల్లులకు. "వీళ్ళకు తెలివి లేదండీ, పిల్లలకు చెత్త కొనిపెడతారు" అంటారు స్టాఫ్‌రూముల్లో. తెల్లారకముందే కూలి ఆటో ఎక్కే తల్లి, పొయ్యి వెలిగించే తీరిక లేక బిడ్డ చేతిలో ఐదు రూపాయల బిళ్ళ పెడుతుంది. ఆ బిళ్ళకు గేటు దగ్గర ఏం దొరుకుతుందో ఆమె నిర్ణయించలేదు. నిర్ణయించినవాళ్ళను అడగండి.

లెక్క కూడా వేద్దాం. ఐదు రూపాయల ప్యాకెట్లో పన్నెండు గ్రాములున్నాయనుకోండి. కిలో నాలుగు వందల పైమాటే. శనగలు కిలో వంద వేసుకున్నా అదే ఐదు రూపాయలకు యాభై గ్రాములొస్తాయి. నానబెట్టి ఉడికిస్తే దోసెడు గుగ్గిళ్ళు, పది గ్రాముల దాకా మాంసకృత్తులు. డబ్బు తక్కువున్నవాడికే ఎక్కువ ధరకు తక్కువ తిండి అంటగట్టడాన్ని వ్యాపారం అంటున్నారు. నేను దోపిడీ అంటాను.

మన తిండిని మనమే ఎందుకు వదిలేశాం అని అడిగే విద్యార్థులకు ఒక మాట. వదలలేదు, సిగ్గుపడేలా చేశారు. మా పక్కనున్న పల్నాడు జొన్నకూడును వెక్కిరిస్తూ శ్రీనాథుడి పేరు మీద ఒక చాటువే ఉంది. సన్నబియ్యం తినే కవికి జొన్న తినే ఊరు నవ్వులాట. తెలుగు ఎం.ఏ. క్లాసుల్లో దాన్ని చమత్కారమని చెబుతారు, అవమానమని చెప్పరు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా వాడలు ఆకలి నుంచి కొంత గట్టెక్కాయి, ఆ మేలు కాదనను. కానీ రేషన్లో బియ్యమే వచ్చి, జొన్న, సజ్జ, కొర్ర రాకపోయేసరికి అవి పేదతనానికి గుర్తుగా మిగిలిపోయాయి. 2013 ఆహార భద్రతా చట్టం జొన్న, సజ్జలాంటి ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వొచ్చని రాసింది. కాగితం మీద రాసింది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక అవే గింజలు "శ్రీ అన్న" అయ్యాయి. మనం తిన్నప్పుడు ముతక కూడు, వాళ్ళు తిన్నప్పుడు శ్రీ! జహీరాబాద్ ప్రాంతంలో డీడీఎస్ సంఘాల దళిత మహిళలు దశాబ్దాల ముందునుంచే ఆ విత్తనాలను కాపాడారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వాళ్ళ సంస్థకు వచ్చింది. సూపర్‌మార్కెట్లో మిల్లెట్ బిస్కెట్ కొనేవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? అన్నట్టు ఆ బిస్కెట్ వెనక కూడా చదవండి, మైదా, చక్కెర ముందుంటే మిల్లెట్ పేరుకే.

మాకిది ఫ్యాషన్ కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ప్రాంతం ఇది. ఒంట్లో క్యాల్షియం, సి విటమిన్ తక్కువైతే ఫ్లోరైడ్ ఎముకలను ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పదో వంతు కూడా ఉండదు. నువ్వుండ, వేరుశనగ చిక్కీ, ఉడకేసిన పచ్చి కందికాయలు, అలసంద గుగ్గిళ్ళు, జామకాయ, ఉసిరికాయ: మందులషాపు అక్కర్లేని బలం ఇది. అయితే సురక్షితమైన నీళ్ళకు బదులుగా రాగిజావ పోసి చేతులు దులుపుకుంటామంటే ఊరుకోం. 1996లో వెలిగొండకు రాయి వేసినవాళ్ళూ, ఆ తర్వాత వచ్చినవాళ్ళూ ఇంకా జవాబుదారులే.

ఇంకో మాట స్పష్టంగా. గుగ్గిళ్ళు తినమంటే గుడ్డు మానమని కాదు. ఈ రాతను పట్టుకుని "చూశారా, శాకాహారమే మేలు" అని మన పళ్ళెంలోకి చెయ్యి పెట్టేవాళ్ళకు ముందే చెబుతున్నా: పెద్దకూర మాది, గుడ్డు మాది, సంగటీ మాదే. మా పోట్లాట ఫ్యాక్టరీ చెత్తతో, మా కూడు మీద వేసిన సిగ్గుతో.

ఇక చేయాల్సిన పని. ప్రభుత్వ బడుల్లో చిక్కీ, రాగిజావ వచ్చాయి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. డిగ్రీలో చేరగానే పిల్లలకు ఆకలి ఆగిపోతుందా? పెద్దారవీడు, కొనకనమిట్ల, అర్ధవీడు నుంచి ఏడింటికే బస్సెక్కి వచ్చే ఆడపిల్లల ముఖాలు పదకొండు గంటల క్లాసులో ఎలా వాడిపోతాయో నేను రోజూ చూస్తున్నాను. డిగ్రీ కాలేజీలకూ భోజనం అడుగుదాం. సంక్షేమ హాస్టళ్ళ సాయంత్రం చిరుతిండి గుగ్గిళ్ళో చిక్కీయో అయ్యేదాకా మెనూ కాగితం పట్టుకుని వార్డెన్‌ను అడుగుదాం. గేటు దగ్గర బంకు నడిపే అక్క మన వాడ మనిషే, ఆమె పొట్ట కొట్టొద్దు. ప్యాకెట్ల దండ పక్కన ఒక గిన్నె గుగ్గిళ్ళు పెట్టించి, మొదటి వారం మనమే కొందాం. 50 మీటర్ల నిబంధన మీద మండలానికో అర్జీ పెడదాం, దాని నకలు మన దగ్గర ఉంచుకుందాం.

ఈ సోమవారం నుంచే మొదలుపెట్టండి. మీ హాస్టల్ మెనూ ఫొటో తీసి నాకు పంపండి, పదో భాగం వాటి మీదే రాస్తాను.

జై భీమ్.