తెత్సువో సిద్ధుడా?

జపాను చిత్రకథ ‘అకీరా’లోని తెత్సువోను కుండలిని మేల్కొన్న యోగితో పోల్చేవారు కొందరు. అవమానితుడు బలవంతుడై పగ తీర్చుకోవడం న్యాయమేననేవారు మరికొందరు. ఉభయ వాదములూ అవిచారితములే.

కత్సుహిరో ఒతోమో 1982లో ఆరంభించి 1990లో ముగించిన ఆ గాథలో తెత్సువో ఏ తపస్సూ చేయలేదు. బాల్యమిత్రుడు కానెదా నీడలో కుమిలినవాడు. ప్రమాదానంతరం సైనిక ప్రయోగశాలలో అతని మనోబలం విజృంభించింది. యమనియమాలు లేవు, గురువు లేడు. ఉన్నవి మాత్రలు, మాత్సర్యం. శిరోవేదనకు ఔషధం, ఈర్ష్యకు హత్య! తన ముఠాలోని యామగతానే చంపినవాణ్ణి సిద్ధుడనడం యోగశాస్త్రానికే అపచారం. నిజమైన సిద్ధులనే సమాధికి విఘ్నాలన్నాడు పతంజలి.

ఇక పగ విషయం. పితృవధ అనే హేతువు అశ్వత్థామకూ ఉంది. నిద్రిస్తున్నవారిని సంహరించడానికి అది చాలిందా? నారద వ్యాసులు నడుమ నిలువగా, బ్రహ్మచర్యనిష్ఠ గల అర్జునుడు అస్త్రాన్ని ఉపసంహరించాడు. అశ్వత్థామకు ప్రయోగమే తెలుసు, ఉపసంహారం చేతకాలేదు. ఆ అస్త్రం గర్భస్థ శిశువుపైకి మళ్ళింది.

తెత్సువోదీ అదే దుఃస్థితి. ఉపగ్రహ కిరణం తెంచిన బాహువు స్థానంలో లోహఖండాలతో చేయి నిర్మించుకున్నాడు. తుదకు ఆ దేహమే వశం తప్పి, యంత్రాలను కబళిస్తూ మాంసపిండమై ఉబ్బింది. ఒతోమో దీనిని దాచలేదు, పుటల తరబడి చిత్రించాడు. అభిమానులు మాత్రం ఎర్రని ఉత్తరీయం ధరించి నిలిచిన తెత్సువోనే గోడలకు అతికించుకుంటున్నారు.